లచ్చివారం వంతు

నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న ధాన్యం గోదాములో, కూర్మమ్మ అనే మనిషి ఒక గురువారం నాడు ఉప్పు, కారం, నూనె, నీళ్లు, కూరగాయ ఏవీ లేకుండా ఐదుగురికి సరిపడా కూర వండి తెచ్చింది. ఆ కూర ఘాటుకు మేం ఐదుగురం ఇప్పటికీ దగ్గుతున్నాం.

సరే, దగ్గు మాట కొంచెం ఎక్కువైంది. దగ్గేది నేనొక్కణ్నే. అది ముప్ఫై ఏళ్ల ధాన్యం దుమ్ము అని డాక్టరు అంటాడు. వండింది అన్న మాట కూడా కొంచెం అటూ ఇటూ. కానీ తెచ్చింది. మూత తీసింది. గరిటె పట్టుకుని వడ్డించబోయింది. అంతవరకు నన్ను ఏ గుళ్లో ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.

కూర్మమ్మది గెడ్డ, అంటే వాగు, అవతలి పేట. మా వైపు పేట పేరు చెబితే కులం చెప్పినట్టే, ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఆమె మొగుడు దాలయ్య మా గోదాములోనే బస్తాలు మోసే కళాసీ. నడుం దెబ్బతిని అతను మంచానికి చేరాక, అతని బదులు ఆమె వచ్చింది. పదిహేనేళ్లు గోదాము నేల మీద రాలిన గింజలు ఊడ్చి, చేటతో చెరిగి, మట్టిబెడ్డలు ఏరి మళ్లీ బస్తాకెత్తింది. ఆ పదిహేనేళ్లలో ఆమెకు ఒక విద్య పట్టుబడింది. గింజను పంటి కింద పెట్టి కొరికితే తేమ ఎంతుందో చెప్పేది. టక్కున విరిగితే ఒక లెక్క, మెత్తగా నలిగితే ఒక లెక్క. ఊళ్లో పెళ్లిళ్లలో ఈ సంగతి చెప్పేటప్పుడు, ఆ గింజ ఏ రైతు పొలంలో పండిందో, ఆ పొద్దున రైతు పెళ్లాంతో పోట్లాడాడో లేదో కూడా చెప్పేదని కలుపుతుంటాను. అది నిజం కాదు. తేమ మాత్రం నిజం.

ఆరేళ్ల కిందట, సరిగ్గా కోతల కాలంలో, తేమ కొలిచే మిషను పాడైంది. ధాన్యం లారీలు గేటు బయట నుంచి హైవే దాకా వరస కట్టాయి. పైన మబ్బు. మేనేజరు సీతారామారావు గారు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. కూర్మమ్మ చీపురు గోడకానించి వచ్చింది.

"ఆ మిసను కోసం ఎందుకు బాబూ, నాను సెప్తాను రాసుకోండి," అంది.

రెండు రోజులు గింజలు కొరికి లారీలన్నీ దింపించింది. మిషను బాగై వచ్చాక ఆమె చెప్పిన అంకెలతో సరిచూస్తే నలభై శాంపిళ్లలో మూడే తేడా. హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ పరీక్ష పెట్టి, చప్పట్లు కొట్టి, శాంపిల్ అసిస్టెంటు ఉద్యోగమిచ్చి వెళ్లాడు. మెడలో కార్డు వచ్చింది. ఆఫీసు గదిలో కుర్చీ వచ్చింది. మధ్యాహ్నం భోజనాలకి మా టేబుల్ దగ్గర చోటు వచ్చింది.

ఆ టేబుల్ సంగతి చెప్పాలి. మా ఆఫీసులో అన్నం ఎవరిది వాళ్లు తెచ్చుకుంటారు, కూర మాత్రం వంతు. సోమవారం లెక్కలు చూసే ధనలక్ష్మి అందరికీ తెస్తుంది. మంగళవారం లారీల కాటా దగ్గర కూర్చునే గిరిబాబు. బుధవారం కంప్యూటరు కుర్రాడు ప్రదీప్, అంటే వాళ్లమ్మ. శుక్రవారం గోదాము సూపర్‌వైజరుగా నేను. శనివారం సీతారామారావు గారు. గురువారం ఎవరి వంతూ కాదు, ఆ రోజు ఎవరి డబ్బా వాళ్లది.

మేం ఐదుగురం మనుషులం, పదిహేను పథ్యాలు. సీతారామారావు గారిది పాతపట్నంలో వ్యాపారుల కుటుంబం. నీచు సరే సరి, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. ధనలక్ష్మికి వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు. గిరిబాబుకి షుగరు, దుంపలు పడవు, తీపి పడదు. ప్రదీప్ జిమ్ముకి వెళ్తాడు, నూనె చుక్క చూస్తే పాముని చూసినట్టు వెనక్కి జరుగుతాడు. నాది కాశీ పథ్యం. కాశీ వెళ్లినవాళ్లు ఒక కాయో పండో గంగలో వదిలేసి వస్తారు, ఇక జన్మలో దాన్ని ముట్టరు. నేను బీరకాయ వదిలేశానని చెప్పాను. నిజానికి నేను కాశీ వెళ్లనే లేదు. బీరకాయంటే నాకు చిన్నప్పటి నుంచి రోత, ధనలక్ష్మి సోమవారం సోమవారం బీరకాయే తెచ్చేది. ఆమె మనసు నొప్పించడం ఎందుకని నెపం గంగమ్మ మీదికి నెట్టాను. నేను చదివిన కాన్వెంటులో సిస్టరు ఒకామె, అబద్ధాలు రెండు రకాలని చెప్పేది. దేవుడు విసుక్కునేవి, దేవుడు మొహం తిప్పుకునేవి. నాది మొదటి రకమని నా నమ్మకం.

అదే కాన్వెంటులో స్కేలు దెబ్బలు తిని నేర్చుకున్న దస్తూరి నాది. అందుకని ఈ పథ్యాలన్నీ ఒక చార్టు మీద నా చేతే రాయించి, ఫ్రిజ్ పక్కన గోడకి అంటించారు. పైన 'ఎవరికి ఏది పడదు' అని శీర్షిక. కింద పేర్లు, ఓ పక్కన వంతుల వరస. ఆ చార్టు అంటే మాకు గర్వం. గిరిబాబు అయ్యప్ప మాల వేసిన ఏడాది, నలభై ఒక్క రోజులు ఆఫీసులో కోడిగుడ్డు మాట కూడా ఎవరం ఎత్తలేదు. ధనలక్ష్మి కడుపుతో ఉన్నప్పుడు పోపు వాసనకి వాంతులైతే, మూడు నెలలు అందరం పోపు లేని కూరలు తిన్నాం. హెడ్డాఫీసాయన ఆ చార్టుని ఫోటో తీసుకుని, "ఒకరికి పడనిది అందరూ మానుకోవడమంటే మాటలు కాదండీ," అన్నాడు. మేం తలలు వంచుకుని వినయంగా నవ్వాం.

కూర్మమ్మ వచ్చి కూర్చున్నాక మేం మా కూరలు ఆమెకూ వేశాం. అది చెప్పాలి. ఎవరూ వెయ్యననలేదు. ధనలక్ష్మి మాత్రం ఆమెకు వేసేటప్పుడు గరిటె ఒక జానెడు ఎత్తున పట్టుకునేది. కూర పైనుంచి పడేది, ఒక్కోసారి చీర మీద చిందేది. కూర్మమ్మ చెంగుతో తుడుచుకుని తినేది.

నెల తిరిగాక ఒక రోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, లచ్చివారం ఖాళీయే కదా. ఆ వొంతు నాకు రాయండి."

మా వైపు పాతకాలం వాళ్లు గురువారాన్ని అలాగే అంటారు.

"నీకెందుకు కూర్మమ్మా ఆ శ్రమ? ఇంట్లో మంచం మీద మనిషి. ఉన్నదేదో తిను."

"అదే బాబూ. ఐదు రోజులు తిని ఆరో రోజు పెట్టకపోతే అడుక్కున్నట్టుంటాది. కుర్సీ మీద కూకుని అడుక్కోడమేటి? కిందున్నప్పుడు ఎవుల దగ్గరా సెయ్యి సాపనేదు నాను."

నేను చార్టు తీసి, వంతుల వరసలో 'గురువారం: కూర్మమ్మ' అని గుండ్రంగా రాశాను. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. రెండు మధ్యాహ్నాలు చార్టు ముందు నిలబడి, శాంపిల్ చీటీ వెనక మా పథ్యాలన్నీ కాపీ చేసుకుంది. అర్థం కానివి అడిగింది. "ఇంగువ పడతాదా బాబూ మేనేజరు గారికి?" అని నన్నడిగింది. పడుతుందన్నాను.

ఆమె అటు వెళ్లగానే గిరిబాబు నా భుజం మీద వాలాడు. గిరిబాబు నన్ను మావా అంటాడు, వరసేం లేదు.

"ఏటి మావా, నీకు పన్నేదా? రాసీసినావేటి?"

"అడిగింది, రాశాను."

"అడిగితే రాసీడమేనా? రేపు అది తెస్తాది. అప్పుడేటి సేస్తావు, తింటావా?"

నేను లేచాను. చార్టులో ఒక అక్షరం సరిగా రాలేదన్నట్టు దాన్నే దిద్దుతూ నిలబడ్డాను.

మొదటి గురువారం ఆనపకాయ కూర తెచ్చింది. ఉల్లిపాయ లేదు, నువ్వులు వేయించి పొడి చేసి చల్లింది. మూత తియ్యగానే గదంతా ఆ వాసన నిండింది. నాకు నోట్లో నీళ్లూరాయి. ఇది రాసేటప్పుడు కూడా ఊరుతున్నాయి, అది వేరే సంగతి.

గరిటెతో ముందు సీతారామారావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన పొట్ట నిమురుకున్నారు.

"ఇవాళ కొంచెం అజీర్తిగా ఉంది కూర్మమ్మా. మజ్జిగతో కానిచ్చేస్తాను."

ధనలక్ష్మి రెండు చేతులూ జోడించింది. "అయ్యో, గురువారాలు ఒకపొద్దు మొదలెట్టాను కూర్మమ్మా. బాబాకి మొక్కు."

"ఎప్పట్నించమ్మా?"

"ఇవాళ్టి నుంచే."

"నువ్వులు నాకు వేడి," అన్నాడు గిరిబాబు. "నిన్న రాత్రే కూకోనేక సచ్చినాను."

ప్రదీప్ గిన్నెలోకి తొంగి చూసి, "ఆంటీ, ఆయిల్ తేలుతోంది," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నాకు ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు.

"ఆనపకాయ నేను కాశీలో వదిలేశాను," అన్నాను.

"అదేటి మావా, బీరకాయ కదా వదిలీసినావు?" అన్నాడు గిరిబాబు, అలవాటు కొద్దీ.

"రెండుసార్లు వెళ్లాను."

గొల్లున నవ్వారు. కూర్మమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో గండం గడిచిందనుకున్నాను. ఆమె మూత పెట్టి, "తప్పు నాదే బాబూ, మిమ్మల్ని సరిగా అడగనేదు. అవన్నీ పటంలో రాసీండి, ఒచ్చే వారం సూసుకుంతాను," అంది. నేను లేచి చార్టులో నువ్వులు, ఆనపకాయ చేర్చాను. డబ్బా ఆమె గోదాములోకి పట్టుకెళ్లింది. కళాసీలు వేళ్లు నాకిన చప్పుడు నాకు కిటికీలోంచి వినపడిందని చెబుతుంటాను. అంత చప్పుడు రాదు గానీ, డబ్బా ఖాళీగా వెనక్కి రావడం చూశాను.

రెండో గురువారం అరటికాయ ఉడకబెట్టి ఆవ పెట్టి తెచ్చింది. నూనె లేదు, నువ్వులు లేవు. ఆవ ఘాటు సీతారామారావు గారి రక్తపోటుకి పనికిరాదని ఆ రోజే తెలిసింది. అరటికాయ గిరిబాబు షుగరుకి విషమట. ధనలక్ష్మికి ఒకపొద్దు.

"అమ్మా, లచ్చివారం మీకు పడదు గదా, నా వొంతు సోమారానికి మార్సుకుందామా? మీరు లచ్చివారం తెద్దురు."

"సోమవారం శివుడు కదా," అంది ధనలక్ష్మి.

"మంగలారం?"

"అమ్మవారు."

వారానికి రోజులు ఏడే, దేవుళ్లు అంతకన్నా ఎక్కువ. కూర్మమ్మ ఇంకో రోజు పేరు ఎత్తలేదు. నేను చార్టులో ఆవ చేర్చాను, అరటికాయ చేర్చాను. నా పేరు ఎదురుగా కంద, గుమ్మడి కూడా ముందు జాగ్రత్తగా రాసుకున్నాను. అప్పటికి నేను కాశీకి నాలుగుసార్లు వెళ్లినట్టు లెక్క. గంగలో నా కూరగాయలతోనే ఒక సంత పెట్టొచ్చు.

మూడో గురువారం పెసరపప్పు, ఉప్పు కూడా విడిగా తెచ్చింది. సీతారామారావు గారు పప్పు వంక కాదు, గిన్నె వంక చూశారు.

"ఇది... మీ ఇంట్లో చేపలు అవీ వండే గిన్నేనా?"

ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. అది నేను మర్చిపోలేను. తిట్టినా అంత గుచ్చుకోదు.

"ఆఁ బాబూ, తోమినదే," అంది. మళ్లీ తనే, "నిజమే. నాకు తట్టనేదు," అంది.

నాలుగో వారం కొత్త క్యారేజీ, కొత్త గరిటె. కొట్లో అంటించిన కాగితం ముక్క క్యారేజీ అడుగున ఇంకా ఊడలేదు. అది మాకు కనపడేలా తిప్పి పెట్టింది. అందులోనూ పెసరపప్పే. సీతారామారావు గారు ఆ కాగితం ముక్కను చాలాసేపు చదివారు.

"గిన్నె బాగుంది. నీళ్లు? మీ పేటలో బోరు నీళ్లే కదా? నాకు బోరు నీళ్లు పడవు కూర్మమ్మా. కిడ్నీలో రాయి వచ్చినప్పుడు డాక్టరు మరీ మరీ చెప్పాడు."

ఐదో వారం నీళ్ల క్యాను కొంది. మా ఆఫీసుకి నీళ్లు వేసే ఆటో దగ్గరే, మేం తాగే నీళ్లే. ఆ నీళ్లతో కడిగి, ఆ నీళ్లతో ఉడికించి తెచ్చింది. "ఆటో అతన్ని అడగండి బాబూ కావాలంటే," అంది. ఆ ఒక్కసారి ప్రదీప్ పళ్లెం ముందుకి జరిపాడు. వాడి వయసు ఇరవై నాలుగు. జరిపింది రెండంగుళాలే. సీతారామారావు గారు వాడి వైపు చూడకుండా అన్నం కలుపుకుంటూ అన్నారు.

"ప్రదీప్, మీ నాన్నగారు కులాసానా? ఈ మధ్య కనపడలేదు."

వాడు పళ్లెం వెనక్కి జరుపుకున్నాడు. "బాగున్నారు సార్," అన్నాడు.

అప్పుడు నేను 'నాకు వెయ్యి' అనగలిగేవాణ్ని. వయసులో అందరికన్నా పెద్దవాణ్ని నేనే, రెండేళ్లలో రిటైరయ్యేవాణ్ని, మా నాన్నగారు ఎప్పుడో పోయారు, నన్నడిగేవాళ్లెవరూ లేరు. పెసరపప్పు నా కాశీ జాబితాలో కూడా లేదు. ఆ రోజు ఆమె నా దగ్గరికి వచ్చేసరికి, డబ్బాలో ఉన్న అన్నమంతా మజ్జిగలో కలిపేసుకుని ఉన్నాను. "అయ్యో, మజ్జిగ పోసేసుకున్నానే," అన్నాను.

ఆరో వారం కూర తేలేదు. పెద్ద అరటిపళ్ల అత్తం తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టింది.

"ఒకపొద్దులో పళ్లు తినొచ్చు గదమ్మా?" అని ధనలక్ష్మికి ఒకటి తుంచి ఇచ్చింది. ధనలక్ష్మి తీసుకుంది. సీతారామారావు గారు రెండు తీసుకున్నారు. ప్రదీప్ ఒకటి, నేను ఒకటి. షుగరున్న గిరిబాబు కూడా, "ఒకటికి ఏటవుతాదిలే," అంటూ తీసుకున్నాడు. ఆరు వారాల్లో ఆమె చేతి మీదుగా మేం తిన్నది అదొక్కటే. అందరికీ ప్రాణం తేలికపడింది. గిరిబాబు ఏదో జోకు కూడా వేశాడు.

ఐదుగురం తొక్కలు వలుస్తుంటే కూర్మమ్మ చూస్తూ కూర్చుంది. గింజను పంటి కింద పెట్టి కళ్లు సగం మూసుకున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో, అలా ఉంది. తొక్క ఉన్నవి మాకు పడేవి. ఆమె చెయ్యి తొక్క దగ్గర ఆగిపోతుంది కదా. మేం ఆ మాట ఒకరితో ఒకరం కూడా ఎప్పుడూ అనుకోలేదు, కానీ మా పథ్యాలన్నిటికీ కలిపి రాస్తే ఆ ఒక్క వాక్యమే. ఆమె దాన్ని ఆ రోజు చదివిందనుకుంటాను. మొదటి గురువారమే చదివి, మా నోటితోనే చెప్పించాలని ఐదు వారాలు చూసిందేమో కూడా. నాకు తెలియదు.

ఏడో గురువారం క్యారేజీ పట్టుకుని మామూలుగానే వచ్చింది. ఒక్కో గిన్నె విప్పి వరసగా పెట్టింది. నాలుగు గిన్నెలూ ఖాళీ. తోమి, తుడిచి, ఎండబెట్టి తెచ్చింది. గరిటె తీసింది.

"ఇందుల ఉల్లిపాయ నేదు. నువ్వుల్నేవు, ఆవ నేదు, నూనె నేదు. ఉప్పు నేదు, కారం నేదు. కాశీలో ఒగ్గీసిన కాయలేవీ నేవు బాబూ, మీ పటంలో సూసే తెచ్చినాను. బోరు నీల్లు నేవు. పొయ్యి మీద పెట్టనేదు గనక నా పొయ్యి కూడా నేదు. మీకు పడంది ఇందులేటీ నేదు. తినండి."

ఖాళీ గిన్నెలో గరిటె ముంచి, సీతారామారావు గారి పళ్లెం మీదికి తెచ్చింది. ఆయన ముందు వేడన్నం ఉంది, నెయ్యి వేసి ఉంది.

"నాకు ఇవాళ ఆకలిగా లేదు కూర్మమ్మా," అన్నారు.

ఖాళీ గరిటెకి చెప్పిన మాట అది. గిరిబాబు నవ్వబోయాడు, సగంలో ఆగిపోయి మంచినీళ్లు తాగాడు. ధనలక్ష్మి తన డబ్బాని ఒళ్లోకి లాక్కుంది. ప్రదీప్ ఫోనులో చూస్తున్నాడు, ఆ ఫోను స్క్రీను ఆరిపోయి ఉంది. గరిటె నా దగ్గరికి వచ్చింది.

నేను మాటలు పుట్టించేవాణ్ని. ఏదో ఒకటి అని అందరినీ నవ్వించి ఉండాల్సింది. పళ్లెం చాపి, "వెయ్యి కూర్మమ్మా, ఇంకో గరిటె," అని ఉండాల్సింది. ఖర్చేముంది, అందులో ఏమీ లేదు. కానీ నేను ఆలోచించేలోపే నా కుడిచెయ్యి లేచి పళ్లానికి అడ్డం వచ్చింది. ఇక చాలు, వద్దు అన్నప్పుడు పెడతామే, అలా.

గరిటె నా చేతి మీద గాల్లో ఆగింది.

"మీక్కూడా పడదా బాబూ," అంది. అడిగినట్టు లేదు.

గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, క్యారేజీ బిగించి, వెళ్లిపోయింది. మర్నాటి నుంచి టేబుల్ దగ్గరికి రాలేదు. పని మానలేదు. కుర్చీలో కూర్చుని శాంపిళ్లు చూసేది, గింజ కొరికి అంకె చెప్పేది, ఒంటి గంటకి తన డబ్బా పట్టుకుని గోదాములోకి వెళ్లి కళాసీల మధ్య కూర్చుని తినేది. ఆమె కొరికి సరేనన్న ధాన్యం మిల్లుకెళ్లి, బియ్యమై, మా అందరి ఇళ్లకీ వచ్చేది. ఆ బియ్యం పడనివాళ్లు మాలో ఒక్కరూ లేరు.

మూడు నెలలకి హెడ్డాఫీసాయన మళ్లీ వచ్చాడు. భోజనాల వేళ అటూ ఇటూ చూసి, "కూర్మమ్మ గారేరీ? కింద తింటున్నారేంటి?" అన్నాడు.

"ఆవిడకి బయటి తిండి పడదండి," అన్నారు సీతారామారావు గారు.

"అలాగా? మరి చార్టులో లేదే!"

సీతారామారావు గారు నా వైపు చూశారు. నేను పెన్ను తీశాను. గురువారం వంతు మీద తెల్లకాగితం ముక్క అంటించాను. పథ్యాల వరసలో అట్టడుగున, 'కూర్మమ్మ: ఇతరులు వండినది పడదు' అని రాశాను. సిస్టరు చెప్పిన రెండు రకాల్లో ఇది ఏదో ఎవరినీ అడగక్కర్లేదు. అయినా అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

సాయంత్రం ఆమె దాని ముందు నిలబడింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. నేను రిజిస్టరులో తల దూర్చాను.

"దస్తూరి బాగుంది బాబూ," అంది వెళ్తూ.

నేను రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడు ఆమె కూడా మానేసింది. తర్వాత ఈ కథ నేను చాలాచోట్ల చెప్పాను. పెళ్లి భోజనాల దగ్గర, రైళ్లో, ఒకసారి చావింట్లో కూడా. నా కథలో చివర నేను పళ్లెం చాపుతాను. లేని కూర అన్నంలో కలుపుకుని, లొట్టలు వేసి, "ఉప్పు సరిపోయింది కూర్మమ్మా," అంటాను. మిగతా నలుగురూ తలలు దించుకుంటారు. వినేవాళ్లు నవ్వుతారు, ఒకరిద్దరు కళ్లు తుడుచుకుంటారు. మొన్న మార్చిలో నా మనవరాలు సింధూరి విని, నవ్వకుండా, "నిజంగా తిన్నావా తాతా?" అంది. అది డిగ్రీ చదువుతోంది, దానికి నా కథల మీద గౌరవం లేదు. కలిపి చెప్పడం నాకు చేతనవును గానీ, ఆ పిల్ల మొహం చూసి ఆ పూట తిన్నానని కలపలేకపోయాను.

ఆ ఆదివారం గెడ్డ దాటి పేటకి వెళ్లాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. కూర్మమ్మ గుమ్మంలో కూర్చుని మినుములు చెరుగుతోంది. నన్ను చూసి లేచి, లోపలినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. దాలయ్య లోపల మంచం మీద ఉన్నాడు. "ఎవులే?" అన్నాడు. "గోదాం బాబు," అంది.

ఎండ గురించి, మినుముల గురించి మాట్లాడాక అసలు మాటకొచ్చాను.

"ఆ లచ్చివారాల సంగతి రాద్దామనుకుంటున్నాను కూర్మమ్మా. ఉన్నది ఉన్నట్టు."

"ఏ సంగతి బాబూ?"

"అదే, నువ్వు కూరలు తేవడం, మేం తినకపోవడం. ఆఖర్న ఖాళీ క్యారేజీ."

ఆమె చేట ఆగలేదు. పొట్టు గాలికి నా కాళ్ల దాకా వచ్చి పడుతోంది.

"నాను కూరలెప్పుడు తెచ్చినాను? నాకు వొంతే నేదు."

"నేనే కదా రాసింది."

"మీరు రాసింది నాకు ఒకుల వంట పడదని. అది గోడ మీదుంది, పది మందీ సదివినారు. ఖాళీ డబ్బా ఎవులైనా తెస్తారేటి బాబూ? పిచ్చిదాన్నా నాను?"

"కొత్త కారేజీ కొన్నావు గదే ఆ ఏడు?" అన్నాడు దాలయ్య లోపల్నించి.

"నువ్వు పండుకో."

నేను ముందుకి వంగాను. "నేను చెయ్యి అడ్డం పెట్టాను కూర్మమ్మా. అందరిలోకీ పెద్దవాణ్ని. అది చెప్పుకోవాలనే వచ్చాను."

ఆమె అప్పుడు చేట దించి నన్ను చూసింది. కోపం లేదు. జాలీ లేదు.

"మీరు ఎక్కడా సెయ్యి అడ్డం పెట్టనేదు బాబూ. నాను మీకేటీ పెట్టనేదు, మీరేటీ వొద్దననేదు. నాను మీ బల్ల కాడ ఎప్పుడూ కూకోనేదు. అలాటిదేటీ జరగనేదు. రాస్తే అదే రాయండి."